గ్లాసులో తెల్ల దారం

పలమనేరు నుంచి తొలి బస్సులో తిరుపతికి వచ్చాడు గంగులప్ప,
తడి గోనె చుట్టిన టమాటా మొక్కను
టికెట్టు తీసిన మనిషిలా పక్కసీట్లో కూర్చోబెట్టుకొని.

ఆకు ఇంకా పచ్చగానే ఉంది.
పచ్చగా ఉండగానే వాలిపోయింది.
"నిన్న సందేళ నీళ్ళు కట్టినా సార్,
తెల్లారేసరికి తలకాయ వాల్చేసింది.
సాలుకు పది. ఎల్లుండికి కయ్యంతా."

నేను సార్‌ని కాను.
ల్యాబులో గాజుసామాను కడిగే మునిస్వామిని.
పద్దెనిమిదేళ్ళు కడుగుతూ చూసిందే నా చదువు.
హంసవేణి మేడమ్ పది దాటితే గానీ రాదు.
నేనే బ్లేడుతో కాండం కోసి
గ్లాసెడు నీళ్ళలో వేలాడదీశాను.

ఒక నిమిషం. రెండు.
కోసిన చోటునుంచి తెల్లటి దారం
గంజి తేటంత పల్చగా
తొందరేమీ లేకుండా కిందికి దిగింది.
గంగులప్ప కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"ఇవన్నీ పురుగులేనా?"
కోట్లు. నీళ్ళు పోయే గొట్టాల్లో కాపురం పెట్టాయి.
"ఇన్ని దూరేదాకా చెట్టుకు తెలీలేదా?"

తెలుస్తుందయ్యా.
ఆకుకు నెత్తురు లేదు,
పిలిస్తే పరుగెత్తివచ్చే కాపలా లేదు.
అందుకే ప్రతి కణమూ తన గుమ్మంలో తానే కూర్చుంటుంది,
గోడ బయటికి వంపు తిరిగిన చేయి ఒకటి చాచి.
ఈదే సూక్ష్మజీవికి తోక ఉంటుంది.
తోకలో ఒకచోట ఇరవై రెండు పూసల వరస.
చేయి వెతికేది ముఖాన్ని కాదు, ఆ పూసల్ని.
తగిలిందా,
పక్కనున్న ఇంకో చేయి వచ్చి
సాక్షి సంతకంలా ఆనుకుంటుంది.
లోపల కాల్షియం పొంగుతుంది,
ఆకు తన ముక్కులు తానే మూసుకుంటుంది.

నిరుడు చలికాలం నేను చూశాను.
బొట్టుబిళ్ళంత ఆకు ముక్కలు రాత్రంతా నీళ్ళలో తేలించి
చీకటి పెట్టెలో పెట్టి
ఏదో తోకముక్క ఒక చుక్క వేస్తే వెలిగాయి.
కంటికి ఆనే వెలుగు కాదు, యంత్రం లెక్కపెట్టే వెలుగు.
తెరమీద గీత ఘాట్ రోడ్డు బస్సులా ఎక్కి
కాసేపుండి దిగిపోయింది.

తరువాతి వరసలో మేడమ్ వేసింది
ఇదిగో, ఈ దారం జాతిదే.
గీత లేవలేదు.
ఇది తన పూసల్లో కొన్నిటిని మార్చుకుంది.
చేయి తడిమింది. ఎవరూ లేరనుకుంది.

గంగులప్ప గ్లాసునే చూస్తున్నాడు.
"గంగమ్మ కతలో పాలెగాడు గదా ఇది!
దాక్కున్నోడి కోసరం తల్లి ఎన్ని వేషాలేసింది,
బైరాగి, బండ, తోటి...
దొర వేషానికి గదా వాడు బయటపడింది.
మీ చెట్టు ఒక్క వేషంతోనే కూసోనుండాది."

మేడమ్ వచ్చాక చెప్పాను.
నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకుంది.
లోపల ఇంకో వేషం ఉందంది.
తోక దాచినవాడు సూది దింపి తన మనుషుల్ని లోపలికి పంపుతాడు;
వాళ్ళ చేయి పడగానే పసిగట్టేది
కొన్ని చెట్లకు కణం లోపలే ఉంటుంది.
పసిగట్టి, ఆ కణం తనను తాను చంపుకుంటుంది.
ఆవగింజంత ఎండిన మచ్చ. శత్రువు అక్కడే ఆగాలి.
"నా టమాటాకు?"
ఈ రకానికి లేదు.
కాయ సైజు చూస్తూ, లారీలో నలగని తోలు చూస్తూ ఎంచుకున్నాం,
అది ఎప్పుడైనా ఉండి జారిపోయిందో, అసలు లేనే లేదో.
ఉస్తి వేరు మీద అంటుకడితే తట్టుకోవచ్చు.
ఆ వేరు ఎట్లా కనిపెడుతుందో
మేడమ్‌కూ పూర్తిగా తెలీదు.

"ఉస్తికాయా?
మోటారు షెడ్డు ఎనక గుబురుగా ఉండె.
మాయమ్మ ఒరుగులు పెట్టేది.
దోవకు అడ్డమని పోయినేడే కొట్టేపిస్తిని."
కాసేపాగి,
"మొదళ్ళు ఉండాయేమోలే."

కొత్త బ్లేడు కాగితంలో చుట్టి ఇచ్చాను.
మొక్కను ఇమ్మన్నాడు. ఇవ్వకూడదన్నాను.
గోనె కూడా వదిలిపొమ్మన్నాను.
చెప్పులు కడుక్కొని పొమ్మంటే
"ఇదేమన్నా గుడా?" అంటూ కొళాయి కింద పెట్టాడు.
ఎర్రమట్టి చాలాసేపు దిగుతూనే ఉంది.